కత్తెర పక్కన పెట్టండి: హాస్టల్ ఆడపిల్లల తలల్లో పేల గురించి బహిరంగ లేఖ

తెలంగాణలోని సంక్షేమ వసతి గృహాల వార్డెన్లకు, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల ప్రత్యేకాధికారులకు, గురుకులాల ప్రిన్సిపాళ్ళకు, వీళ్ళందరి ఇండెంట్లు (సరుకు కావాలని పెట్టే అర్జీలు) మంజూరు చేసే జిల్లా అధికారులకు

మేడమ్, సార్,

దసరా సెలవులు ముగిసి పిల్లలు ట్రంకు పెట్టెలతో తిరిగొచ్చిన మూడు నాలుగు వారాలకు, సాయంత్రం స్టడీ అవర్లో ఒక పక్కన నిలబడి చూడండి. ఒక చెయ్యి పుస్తకం మీద ఉంటుంది, ఇంకో చెయ్యి నెత్తిమీద. చెవుల వెనకా మెడ పైనా గోకి గోకి చర్మం ఎర్రబడి ఉంటుంది. ఆ తర్వాత జరిగేదీ అందరికీ తెలిసిందే. ముందు ప్రార్థనలో తిట్లు. తర్వాత ఒక దఫా పేల షాంపూ. అదీ పనిచేయకపోతే కత్తెర.

ఈ మూడింటిలో ఏదీ పేలను పోగొట్టదు. ఎందుకు పోగొట్టదో, ఏం చేస్తే పోతాయో, దానికి ఎంత మందు, ఎన్ని దువ్వెనలు, ఏ రోజు ఏ పని కావాలో కింద రాస్తున్నాం. మేం అడిగేది ఇంతే: చూసినప్పుడల్లా ఒక్కో తలకు మందు వెయ్యకుండా హాస్టల్లో పేలున్న వాళ్ళందరికీ ఒకే రోజు వెయ్యండి, తొమ్మిదో రోజున మళ్ళీ వెయ్యండి, ఆ మధ్యలో దువ్వించండి. జుట్టు జోలికి వెళ్ళకండి.

ఈ పద్ధతి మీకు కొత్తేమీ కాదు. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల దినం పేరుతో పిల్లలందరికీ ఒకే రోజు ఆల్బెండజోల్ మింగిస్తున్నారు. ఆ రోజు రానివాళ్ళ కోసం ఆ తర్వాత మాప్-అప్ రోజు పెడుతున్నారు. కడుపులో పురుగుల విషయంలో అర్థమైన లెక్క తలలో పేల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మర్చిపోతున్నామో తెలియదు. (ఆల్బెండజోల్ పేలకు మందు కాదు. అది మింగించాం కాబట్టి పేలు కూడా పోతాయని కొందరు పిల్లలకు చెబుతున్నారు, అది తప్పు.)

పేనుకు ఒక లెక్క ఉంది. ఆ లెక్క పట్టుకుంటే సగం పని అయినట్టే. ఆడ పేను రోజుకు ఆరు నుంచి పది గుడ్లు పెడుతుంది. వాటినే ఈపులు అంటాం, కొన్ని ఊళ్ళలో ఈర్లు అంటారు. ఒక్కో ఈపిని కుదురుకు దగ్గరగా, చర్మానికి ఆరు మిల్లీమీటర్ల లోపే, వెంట్రుకకు జిగురుతో అంటిస్తుంది. అది పొదగాలంటే తల వేడి కావాలి, అందుకే కుదురును వదలదు. ఏడు నుంచి పది రోజుల్లో ఈపి పగిలి పిల్ల పేను బయటికొస్తుంది. అది పెద్దదై తాను గుడ్లు పెట్టడానికి ఇంకో తొమ్మిది నుంచి పన్నెండు రోజులు పడుతుంది. పెద్ద పేను తలలో ఉంటే నెల రోజుల దాకా బతుకుతుంది. తల నుంచి కింద పడితే రక్తం దొరక్క ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది. పేను ఎగరదు, గెంతదు. ఒక తల ఇంకో తలను తాకినప్పుడు పాకి వెళుతుంది, అంతే.

మందు రెండోసారి ఎందుకు వెయ్యాలో ఈ లెక్కలోనే ఉంది. ఏ మందైనా ఈపులన్నిటినీ చంపుతుందని నమ్మలేం. మొదటి రోజు తప్పించుకున్న ఈపులు పదో రోజుకల్లా దాదాపు అన్నీ పగులుతాయి. అప్పటికి తలలో ఉన్నవన్నీ పిల్లలే, గుడ్లు పెట్టే వయసు రాలేదు. ఆ సందులో, అంటే ఏడో రోజుకూ పదో రోజుకూ మధ్య, రెండో విడత పడాలి. మూడో రోజునే వేస్తే పగలాల్సినవి ఇంకా పగలవు. ఇరవయ్యో రోజున వేస్తే పిల్లలు పెద్దవై మళ్ళీ ఈపులు పెట్టేసి ఉంటాయి. "షాంపూ ఇచ్చాం మేడమ్, అయినా పోలేదు" అని మీకు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం రెండో విడత వెయ్యకపోవడం వల్ల వచ్చినవే.

ఇంకో ముఖ్యమైన మాట. పేలు పట్టిన ప్రతి పిల్లా గోక్కోదు. దురద పేను ఎంగిలికి చర్మం తిరగబడటం వల్ల వస్తుంది. మొదటిసారి పేలు పట్టిన పిల్లకు ఆ దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు కూడా పట్టవచ్చు. గోక్కునే వాళ్ళను లైన్లో నిలబెట్టి వాళ్ళకే మందు పెడితే, దురద లేని వాళ్ళ తలల్లో పేలు నిశ్చింతగా ఉండి, నెల తిరిగేసరికి మళ్ళీ పాత తలల్లోకి చేరతాయి. కాబట్టి ముందు చెయ్యాల్సింది ప్రతి తలనూ దువ్వి చూడటం.

పేలు చూడటం అంటే పాయ తీసి కళ్ళతో వెతకడం అని మనకు అలవాటు. అమ్మలు గుమ్మంలో కూర్చోబెట్టుకుని అలాగే చూస్తారు, బాగానే దొరుకుతాయి కూడా, గంటసేపు ఓపిక ఉంటే. రెండు వందల తలలకు అది కుదరదు. వెలుతురు పడగానే పేను పక్కకు జారుకుంటుంది, కళ్ళకు చిక్కదు. దువ్వెనకు చిక్కుతుంది.

దువ్వెన సంగతి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే సగం హాస్టళ్ళలో పని చెడేది ఇక్కడే. బజార్లో దొరికే రంగురంగుల ప్లాస్టిక్ పేల దువ్వెనలు నాలుగు తలలు దువ్వేసరికి పళ్ళు విచ్చుకుంటాయి. ఆ సందుల్లోంచి పేను హాయిగా జారిపోతుంది. స్టీలు దువ్వెన కొనండి. పళ్ళు పొడవుగా, బొటనవేలితో నొక్కినా వంగకుండా ఉండాలి. పళ్ళ మధ్య సందు 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లు, అంతకు మించకూడదు. స్టీలుదైతే ఒకరికి వాడాక మరిగే నీళ్ళలో పది నిమిషాలు వేసి ఇంకొకరికి వాడొచ్చు. ప్లాస్టిక్‌ది మరిగే నీళ్ళలో వేస్తే పళ్ళు వంకర్లు పోతాయి. పాతకాలపు కొయ్య ఈర్పెన ఇంట్లో ఉన్నవాళ్ళు తెచ్చుకుంటామంటే తెచ్చుకోనివ్వండి, కానీ దాన్ని ఇద్దరికి వాడనివ్వకండి.

దువ్వే తీరు ఇది. పిల్లను ఎండ పడే చోట పీట మీద కూర్చోబెట్టాలి. భుజాల చుట్టూ తెల్లటి తువ్వాలు కప్పాలి. జుట్టుకు కుదుళ్ళ నుంచి చివర్ల దాకా కొబ్బరినూనె బాగా పట్టించాలి. మామూలుగా రాసినట్టు కాదు, జుట్టు తడిసి అతుక్కునేంతగా. కండిషనర్ ఉంటే తడి జుట్టుకు అదీ సరిపోతుంది. నూనె పేనును చంపుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు, అది చేసే పని వేరు: పేను వేగం తగ్గుతుంది, దువ్వెన చిక్కుపడకుండా జారుతుంది. ముందు పెద్ద పళ్ళ దువ్వెనతో చిక్కు తీయాలి. చిక్కు తీయకుండా పేల దువ్వెన పెడితే పిల్ల ఏడుస్తుంది, మళ్ళీ కూర్చోమంటే కూర్చోదు. తర్వాత జుట్టును నాలుగు పాయలు చేసి మూడింటికి క్లిప్పులు పెట్టి, ఒక పాయలోంచి రెండు వేళ్ళ వెడల్పు మాత్రమే తీసుకోవాలి. దువ్వెన పళ్ళు తల చర్మానికి ఆనాలి. ఆనించి, అక్కడి నుంచి చివరి దాకా ఆపకుండా ఒక్క లాగు. లాగిన ప్రతిసారీ దువ్వెనను తెల్ల గుడ్డ మీద తుడవాలి. తుడిచి చూడాలి.

గుడ్డ మీద కనిపించేదాన్ని గుర్తుపట్టడం పిల్లలకు పది నిమిషాల్లో నేర్పవచ్చు. నువ్వుగింజంత ఉండి కాళ్ళు కదిలిస్తే పెద్ద పేను. గుండుసూది తలంత ఉండి లేత రంగులో ఉంటే పిల్ల పేను. నల్లటి చుక్కలుంటే అవి పేల రెట్ట. గోటితో లాగితే వెంట్రుక వెంట ఊరికే జారిపోయేది చుండ్రు. జారకుండా అంటుకునే ఉండేది ఈపి. కుదురు దగ్గర గోధుమ రంగులో ఉన్న ఈపిలో ప్రాణం ఉండొచ్చు. కుదురు నుంచి సెంటీమీటరు పైన తెల్లగా మెరిసేది ఎప్పుడో పగిలిన డొల్ల, ఎందుకంటే వెంట్రుక నెలకు దాదాపు సెంటీమీటరు పెరుగుతుంది. అందువల్ల ఈపులు కనబడినంత మాత్రాన మందు వెయ్యక్కర్లేదు. బతికున్న పేను ఒక్కటి దొరికితే చాలు, ఆ తలకు మందు కావాలి.

లెక్క చూద్దాం. రెండు వందల మంది ఉన్న హాస్టల్, పది స్టీలు దువ్వెనలు. పెద్ద తరగతుల పిల్లలను ఇద్దరిద్దరు చొప్పున పది జంటలు కూర్చోబెడితే, ఒక తల పరీక్షకు ఏడు నిమిషాలు వేసుకున్నా రెండున్నర గంటల్లో అందరివీ అయిపోతాయి. దువ్వెన మరగబెట్టే సమయం మిగలాలంటే ఇరవై దువ్వెనలు ఉంచుకోండి. పరీక్ష మందు రోజుకు రెండు మూడు రోజుల ముందు పెట్టండి, ఎందుకంటే పరీక్షకు నూనె కావాలి, మందుకు నూనె ఉండకూడదు. పేర్ల పక్కన టిక్కు పెట్టేది వార్డెన్ మేడమో ఏఎన్ఎమ్మో అయి ఉండాలి, ఆ కాగితం గోడకు అతికించకూడదు.

ఇక మందు. మొదట వాడాల్సింది పెర్మెత్రిన్ 1 శాతం లోషన్ లేదా క్రీమ్ రిన్స్. ఇండెంటులో ఆ "1 శాతం" అన్న ముక్క స్పష్టంగా రాయండి. 5 శాతం క్రీము గజ్జికి వాడేది, స్టోర్ల వాళ్ళు ఒక్కోసారి అదే పంపేస్తారు. రెండో శనివారం బడి ఉండదు కాబట్టి ఆ రోజు మొదటి విడత పెట్టుకోండి. శనివారాన్ని ఒకటో రోజుగా లెక్కేస్తే ఆ తర్వాతి వారం ఆదివారం తొమ్మిదో రోజు అవుతుంది, రెండో విడత ఆ రోజే. సెలవు రోజులు రెండూ చక్కగా కుదురుతాయి.

శనివారం పొద్దున్నే మందు పడాల్సిన వాళ్ళందరూ మామూలు షాంపూతో తలస్నానం చెయ్యాలి, నూనె జిడ్డు మొత్తం పోవాలి. కండిషనర్ వాడకూడదు. జిడ్డు ఉన్నా, కండిషనర్ పూత ఉన్నా మందు వెంట్రుకకు పట్టదు. తువ్వాలుతో తుడిచి, నీళ్ళు కారనంత వరకూ ఆరనివ్వాలి. కారే తడి మీద మందు పోస్తే పలచబడి బలం తగ్గుతుంది. తర్వాత మందును కుదుళ్ళకు, చెవుల వెనక, మెడ మీద ముందుగా పట్టించి చివర్ల దాకా తడపాలి. సరిగ్గా పది నిమిషాలు గడియారం చూసి ఉంచాలి. కళ్ళ మీద మడిచిన తువ్వాలు అదిమి పట్టుకుని, తల ముందుకు వంచి, వేడి కాకుండా గోరువెచ్చని లేదా చల్లటి నీళ్ళతో కడగాలి. ఒంటి మీద నుంచి పోసుకోకూడదు, మందు తల మీదే ఉండాలి. ఆ తర్వాత రెండు రోజులు తలస్నానం వద్దు. వెంట్రుకకు మిగిలిన మందు పూత ఇంకా పనిచేస్తూ ఉంటుంది. ఆదివారం పొద్దున తలంటు అలవాటున్న పిల్లలకు ఇది ముందే చెప్పకపోతే మరునాడే కుంకుడుకాయ కొట్టేస్తారు, మందంతా మురిక్కాల్వలో పోతుంది.

ఎంత పట్టాలి? భుజాల దాకా ఉన్న జుట్టుకు 30 నుంచి 50 మిల్లీలీటర్లు. నడుము దాకా ఒత్తుగా ఉన్న జడకు 100 దాకా పడుతుంది. తలకొక చిన్న సీసా అని పంచేసి ఊరుకుంటే పొడుగు జడల పిల్లలకు సగం తలే తడుస్తుంది, ఆ మిగిలిన సగంలోంచే పేలు మళ్ళీ మొదలవుతాయి. కొలిచి పంచకండి, తడిసేదాకా పోయండి.

ఎవరెవరికి వెయ్యాలి? పరీక్షలో బతికున్న పేను దొరికిన వాళ్ళందరికీ, వాళ్ళ పక్కన ఒకే పరుపు మీద పడుకునే వాళ్ళకూ. మిగిలిన వాళ్ళకు దువ్వెన చాలు. వంటమ్మలను, ఆయమ్మలను, రాత్రి కాపలా ఉండే అక్కలను మర్చిపోవద్దు. వాళ్ళ తలలూ అదే రోజు చూడాలి, అడగడానికి మొహమాటపడకండి. వార్డెన్ మేడమ్ తన తల ముందు చూపించుకుంటే మిగతావాళ్ళకు ఇబ్బందే ఉండదు.

మందు వేసిన రోజు రాత్రి, అంటే ఎనిమిది నుంచి పన్నెండు గంటల తర్వాత, పది తలలు దువ్వి చూడండి. ఏమీ దొరక్కపోతే సరే. పేలు దొరికినా మత్తుగా, నెమ్మదిగా కదులుతుంటే మందు పనిచేస్తోందని అర్థం, దువ్వి తీసేయండి. మునుపటంత చురుగ్గా పాకుతుంటే రెండు కారణాలు ఉండొచ్చు. మందు చాల్లేదు, లేదా ఆ మందుకు ఆ పేలు మొండికెక్కాయి. పెర్మెత్రిన్‌కు లొంగని పేలు చాలా దేశాల్లో ఉన్నాయి. రెండోదే అయితే అదే మందు మళ్ళీ మళ్ళీ పోయడం దండగ, మందు మార్చాలి. ఏడో రోజున దువ్వితే పిల్ల పేలు మాత్రమే దొరికాయనుకోండి, కంగారు పడొద్దు, అవి ఈపుల్లోంచి వచ్చినవి, తొమ్మిదో రోజు విడత వాటి కోసమే. రెండో విడత కూడా అయిపోయి వారం దాటాక నువ్వుగింజంత పెద్దవి దొరికితే అవి చాలావరకు బయటి నుంచి వచ్చినవే. ఎవరో ఒక తల మిగిలిపోయి ఉంటుంది. ఆ తలను వెతకాలి, తిట్టకూడదు.

రెండు విడతల మధ్యలో, ఆ తర్వాత కూడా, మూడు నాలుగు రోజులకోసారి చొప్పున కనీసం రెండు వారాలు దువ్వెన నడవాలి. శనివారం వేస్తే మంగళవారం, శుక్రవారం. మళ్ళీ ఆదివారం తర్వాత బుధవారం, శనివారం. వరసగా మూడుసార్లు దువ్వినా బతికున్న పేను దొరక్కపోతే ఆ తల బాగుపడినట్టు. మంగళ, శుక్రవారాల్లో నూనె పెట్టి దువ్వుకోవచ్చు, కానీ రెండో విడత రోజు పొద్దున మళ్ళీ షాంపూతో జిడ్డు వదిలించాలి.

మందు మార్చాల్సి వస్తే డైమెథికోన్ లోషన్ ఉంది. అది పురుగుమందు కాదు, ఒక రకం సిలికాన్ నూనె, పేనును ఊపిరాడకుండా కప్పేస్తుంది, కాబట్టి పేలు దానికి మొండికెక్కే ప్రమాదం తక్కువ. 4 శాతం రకం రాత్రంతా ఉంచి పొద్దున కడిగి, వారానికి మళ్ళీ వేస్తారు. అది మంటకు త్వరగా అంటుకుంటుంది కాబట్టి రాసుకున్న పిల్ల పొయ్యి దగ్గరికీ దీపం దగ్గరికీ వెళ్ళకూడదు. ఐవర్‌మెక్టిన్ మాత్ర కూడా పనిచేస్తుంది. కిలో బరువుకు 200 మైక్రోగ్రాములు, అంటే 30 కిలోల పిల్లకు 6 మిల్లీగ్రాములు, ఏడు నుంచి పది రోజుల తేడాతో రెండుసార్లు. 15 కిలోల లోపు పిల్లలకు, గర్భిణులకు ఇవ్వకూడదు. ఇది పీహెచ్‌సీ డాక్టరు రాస్తేనే, బరువు తూచాకే ఇవ్వాలి. వార్డెన్ టేబుల్ సొరుగులోంచి పంచే మాత్ర కాదు. పాత స్టాకులో గామా బెంజీన్ హెక్సాక్లోరైడ్ లోషన్ కనిపిస్తే పిల్లలకు వాడకండి. అది నరాల మీద పనిచేసే విషం, పిల్లలకు మూర్ఛలు వచ్చిన దాఖలాలు ఉన్నాయి.

ఇళ్ళ నుంచి వచ్చే వైద్యాల గురించి విడిగా రాయక తప్పదు. వీటిలో కొన్ని నవ్వి వదిలేయవచ్చు. దిండు కింద తులసి ఆకులు పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి. వేపనూనె రాసుకుంటామంటే వాసన భరించగలిగితే రాసుకోమనండి, దానిమీదే ఆధారపడొద్దని చెప్పండి. కొన్ని మాత్రం కనిపించగానే లాక్కోవాల్సినవి.

అన్నిటికంటే ముందు సీతాఫలం గింజల పొడి. మన దగ్గర సీతాఫలాలు దసరా ముందూ వెనకా విరివిగా వస్తాయి. ఆ గింజలు ఎండబెట్టి, దంచి, నూనెలో కలిపి తలకు పట్టించే అలవాటు పాతది. పేలు చస్తాయి కూడా, అందుకే అలవాటు పోవట్లేదు. కానీ ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర లేచిపోతుంది, విపరీతమైన మంట, నీళ్ళు, వెలుతురు చూడలేకపోవడం. మన కంటి ఆసుపత్రులకు ఇలాంటి కేసులు కొత్త కాదు. తలస్నానం చేసేటప్పుడే ఎక్కువగా కంట్లోకి జారుతుంది. సెలవుల నుంచి వచ్చిన పెట్టెలో పచ్చళ్ళ సీసాల పక్కన చిన్న పొట్లం కనిపిస్తే అడగండి. పొరపాటున కంట్లో పడితే వెంటనే పావుగంట సేపు ధారగా మంచినీళ్ళు పోసి, నేరుగా కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, సొంతంగా చుక్కల మందు వెయ్యకండి.

కిరోసిన్ రాసి పొయ్యి దగ్గర కూర్చుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. చేలకు కొట్టే పురుగుమందు, బొద్దింకల స్ప్రే రెండూ చర్మంలోంచి ఒంట్లోకి వెళ్ళేవే. గోకి గోకి పుండ్లు పడిన తలలోంచైతే ఇంకా త్వరగా వెళతాయి. నోట్లోంచి నురగ, కంటిపాప చిన్నదైపోవడం, ఒళ్ళంతా చెమట కనిపిస్తే అది విషం, జుట్టు కడుగుతూ 108కి ఫోన్ చెయ్యాలి. కలరా ఉండలు నూరి నూనెలో కలిపే వాళ్ళూ ఉన్నారు. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పిల్లలకు ఆ ఉండల వల్ల రక్తకణాలు పగిలి కామెర్లు, ఎర్రటి మూత్రం వస్తాయి. ఆ లోపం ఎవరికి ఉందో ముఖం చూస్తే తెలియదు.

తల మీద చీము కారే పుండ్లు, అట్టకట్టిన పొక్కులు, మెడ వెనక బిళ్ళలు ఉంటే ముందు పుండ్లకు వైద్యం. అప్పటిదాకా మందు పోయకుండా మెల్లగా దువ్వడం ఒక్కటే. జుట్టు ఒక చోట గుండ్రంగా, నున్నగా ఊడిపోయి ఉంటే దాన్ని మనం పేనుకొరుకుడు అంటాం, పేరు అలా వచ్చింది గానీ దానికీ పేనుకూ ఏ సంబంధమూ లేదు. అది ఒంట్లోని రక్షణ వ్యవస్థ వెంట్రుక కుదుళ్ళ మీదే తిరగబడటం వల్ల వచ్చే జబ్బు, అంటదు. అలాంటి పిల్లను పేల లైన్లో నిలబెట్టకుండా చర్మ వైద్యుల దగ్గరికి పంపండి.

పరుపుల గురించి చాలా హడావిడి జరుగుతుంది, అంత అవసరం లేదు. గడిచిన రెండు రోజుల్లో వాడిన దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు, రిబ్బన్లు బాగా వేడి నీళ్ళలో నానబెట్టి ఉతికి ఎండలో ఆరేస్తే సరిపోతుంది. ఉతకలేనివి ప్లాస్టిక్ సంచిలో మూట కట్టి రెండు వారాలు పక్కన పెట్టండి. గదుల్లో పురుగుమందు కొట్టించడం డబ్బు దండగ, పైగా పిల్లల ఊపిరితిత్తులకు చేటు. పడుకునే వరస మాత్రం మార్చండి: ఒకరి తల ఉన్న వైపు పక్కవాళ్ళ కాళ్ళు వచ్చేట్టు. జుట్టు వదిలేయకుండా రెండు జడలు వేసి పైకి కట్టించండి. సెల్ఫోన్ ఒక్కటే ఉండి నలుగురు తలలు దగ్గరపెట్టి చూసే ఆదివారాల గురించి ఏం చెయ్యాలో మాకూ తోచలేదు.

ఇప్పుడు కత్తెర గురించి. ఈపి చర్మానికి ఆరు మిల్లీమీటర్ల లోపు ఉంటుందని పైన రాశాం. బాబ్ కట్ చేసినా, భుజాల దాకా కత్తిరించినా ఆ ఆరు మిల్లీమీటర్లు తల మీదే ఉంటాయి, పేలూ ఉంటాయి. దువ్వడం కాస్త తేలికవుతుంది, అంతే. పూర్తిగా గుండు చేస్తే పోతాయి, నిజమే. తిరుపతిలో, యాదగిరిగుట్టలో మొక్కు తీర్చుకుని వచ్చిన పిల్లకు పేలుండవు. కానీ అది పిల్లా, అమ్మా ఇష్టపడి, దేవుడికి ఇచ్చిన జుట్టు. హాస్టల్ వరండాలో అందరి ముందూ కూర్చోబెట్టి తీసింది వేరు. తొమ్మిదో తరగతి పిల్లకు జడ అంటే ఏమిటో, బతుకమ్మ పండుగకు ఇంటికెళ్ళినప్పుడు కత్తిరించిన తలతో వీధిలోకి వెళ్ళడం అంటే ఏమిటో మీకు మేం చెప్పాలా? విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. అమ్మానాన్నలను అడగకుండా, పిల్ల వద్దని ఏడుస్తుండగా జుట్టు కత్తిరించడం మా దృష్టిలో ఆ రెండూనూ. పేనుకు పెత్తనమిస్తే నెత్తంతా కొరికిందని సామెత. కత్తెరకు ఇచ్చినా అంతే.

"మురికి పిల్లలు, అందుకే పేలు" అన్న మాట కూడా ఆపించండి. పేనుకు కావాల్సింది రక్తం, శుభ్రమైన తలలో అయినా, మాసిన తలలో అయినా అది ఒకటే. హాస్టల్లో పేలు ఎక్కువ ఉండటానికి కారణం నలుగురు పడుకోవాల్సిన చోట ఎనిమిది మంది పడుకోవడం. అలాగే పేలున్నాయని పిల్లను ఇంటికి పంపించేయడం, తరగతిలో విడిగా కూర్చోబెట్టడం వద్దు. ఇవాళ కనిపించిన పేలు చాలావరకు వారాల కిందటి నుంచీ ఉన్నవే, ఇంకో పూట ఉంటే కొత్తగా జరిగే నష్టం లేదు. తల పేలు ఏ జ్వరాన్నీ మోసుకురావు.

డబ్బు మాట. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం హాస్టల్ పిల్లల కాస్మెటిక్ చార్జీలు పెంచింది. మూడు నుంచి ఏడో తరగతి ఆడపిల్లలకు నెలకు 55 రూపాయల నుంచి 175కి, ఎనిమిది నుంచి పదో తరగతి వాళ్ళకు 75 నుంచి 275కి. ఆ డబ్బు సబ్బు, నూనె, న్యాప్‌కిన్లకే సరిపోతుంది. పేల మందు దాంట్లోంచి కొనుక్కోమనడం న్యాయం కాదు, పైగా తలా ఒక రోజు తలా ఒక మందు కొనుక్కుంటే ఒకే రోజు అన్న నియమం అక్కడే చెడుతుంది. మందు ఆరోగ్యశాఖ స్టోర్ల నుంచి హాస్టల్ పేరు మీద, రెండు విడతలకూ కలిపి, ఒకేసారి రావాలి. మొదటి విడత వచ్చి రెండో విడత "ఇండెంటులో ఉంది" అంటే మొదటిది కూడా వృథా. సరుకు మొత్తం చేతికి రాకుండా మొదలుపెట్టవద్దని వార్డెన్లకు మా సలహా.

రెండు వందల మంది హాస్టల్లో తొంభై మందికి మందు అవసరమైందనుకుంటే, తలకు సగటున 60 మిల్లీలీటర్ల చొప్పున ఒక విడతకు 5.4 లీటర్లు, రెండు విడతలకు 10.8 లీటర్లు. పొడుగు జడలకు, ఒలికిపోయేదానికి కలుపుకుని 12 లీటర్లు రాయండి. స్టీలు పేల దువ్వెనలు ఇరవై, పెద్ద పళ్ళ దువ్వెనలు ఇరవై, జుట్టు క్లిప్పులు అరవై, తెల్ల గుడ్డ పది మీటర్లు, గోడ గడియారం ఒకటి.

ఇదంతా సంవత్సరానికి మూడుసార్లు చేస్తే చాలు: జూన్‌లో బడులు తెరిచాక, దసరా సెలవుల తర్వాత, సంక్రాంతి సెలవుల తర్వాత. పిల్లలు తిరిగొచ్చాక వచ్చే రెండో శనివారం మందు, దానికి రెండు మూడు రోజుల ముందు పరీక్ష. ఆ రోజు లేని పిల్లల పేర్లు రాసుకుని, వాళ్ళు వచ్చిన రోజే గేటు లోపల తల చూసి, పరుపు ఇచ్చేలోపు మందు వెయ్యండి. ఊరికి వెళ్ళే ముందు పిల్లల చేతికి ఒక చీటీ ఇవ్వండి: ఇంట్లో అక్కకు, చెల్లెలికి, అమ్మకు కూడా దువ్వి చూడమని, సీతాఫలం గింజలు వాడొద్దని. చీటీ చదవలేని ఇళ్ళకు పిల్లే చదివి వినిపిస్తుంది.

ఈ దసరా తర్వాత వచ్చే రెండో శనివారానికి పైన రాసిన సరుకు కావాలంటే ఇండెంటు సెలవులకు ముందే జిల్లాకు చేరాలి. నమూనా ఇండెంటు, పరీక్ష రోజు టిక్కుల కాగితం, పిల్లలకిచ్చే చీటీ మేం తయారుచేసి ఉంచాం. అడిగిన హాస్టల్‌కు ఇస్తాం, మొదటి పరీక్ష రోజు వచ్చి దువ్వడం నేర్పుతాం కూడా.

ఇట్లు,
బాలికల వసతి గృహాల్లో పిల్లల ఆరోగ్యం చూసే స్టాఫ్ నర్సులు, ఏఎన్ఎంలు